సంతకం ఎవరి జేబులో ఉంది?

కొత్త ఫోను కొన్న మగవాణ్ణి మా ఊళ్ళో ఒక్కటే ప్రశ్న అడుగుతారు. "ఎంతకొచ్చింది?" అదే ఫోను ఆడది కొంటే ప్రశ్నలు మూడవుతాయి. "ఎవలు కొనిచ్చిన్రు?" "ఉన్నది మంచిగనే నడుస్తుండె గదా, మల్ల కొత్తదెందుకు?" "లాకెందుకు పెట్టినవ్?" నేను స్మార్ట్‌ఫోను కొని ఆర్నెల్లయింది. ఈ మూడు ప్రశ్నలూ నన్ను అడగని ఇల్లు మా వాడలో లేదు. అడిగినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. నన్ను ఎత్తుకుని పెంచినవాళ్ళు, నేను డాక్టరేట్ చేశానని నలుగురికీ గొప్పగా చెప్పుకునేవాళ్ళు. అందుకే ఆ ప్రశ్నల్ని నవ్వి వదిలెయ్యలేకపోతున్నాను. మొదటిది ఆస్తి గురించిన ప్రశ్న. రెండోది అవసరం గురించి. మూడోది ఏకాంతం గురించి. సొంత ఆస్తి, సొంత అవసరం, సొంత ఏకాంతం ఆడదానికి ఉండవనే నమ్మకంలోంచే ఈ మూడూ పుడుతున్నాయి.

పెద్ద కొడప్‌గల్ లోకానికి దూరంగా ఉన్న ఊరేమీ కాదు. సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు పోయే 161 నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. పాత నిజామాబాద్ జిల్లాలో ఉండే మా ఊరు 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కామారెడ్డి జిల్లాలో మండల కేంద్రమైంది. అటు మహారాష్ట్ర, ఇటు కర్ణాటక రెండూ దగ్గరే. బజార్లో కాసేపు నిలబడితే తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ, లంబాడీ అన్నీ చెవిన పడతాయి. ఇక్కడ ఫోను లేని ఇల్లు అరుదు. ఆడవాళ్ళ చేతుల్లో ఫోన్లు లేవా అంటే చాలామంది చేతుల్లో ఉన్నాయి. అవి ఎలాంటి ఫోన్లో చూడండి.

కొడుకు కొత్తది కొనుక్కుంటే పాతది తల్లికి వస్తుంది. మొగుడు కొత్తది తెచ్చుకుంటే అద్దం పగిలింది పెళ్ళానికి వస్తుంది. పొద్దున చార్జింగ్ పెడితే మధ్యాహ్నానికి చచ్చిపోతుంది. ఫోటో తీద్దామంటే జాగా లేదంటుంది. మా వదిన ఫోనుకు రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది, తీస్తే వెనక మూత ఊడిపోతుంది. అందరూ తిన్నాక మిగిలిన కూర తినడం ఎలాంటిదో అందరూ వాడాక మిగిలిన ఫోను వాడటం అలాంటిదే. అందులో ఎవరికీ అన్యాయం కనిపించదు, మనకు కూడా. "నాకెందుకు పెద్ద ఫోను, మాట వినిపిస్తే చాలు" అంటాం. అవసరాలు తగ్గించుకోవడంలో మనకున్న నైపుణ్యం ఇంకెవరికీ లేదు!

నా కథా అంతే. యూనివర్సిటీకి పోయినప్పుడు అన్న వాడి పక్కన పెట్టిన కీప్యాడ్ ఫోను. పరిశోధన చేసినన్నాళ్ళూ ఒక స్నేహితురాలు అమ్మేసిన ఫోను. పాత పత్రికల పేజీలు ఆ ఫోనుతోనే ఫోటోలు తీసుకుని, గీతలు పడ్డ అద్దంలో అక్షరాలు పోల్చుకుంటూ సగం థీసిస్ రాశాను. డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పిన డబ్బు కూడబెట్టి, ముప్పై దాటాక మొదటిసారి ఎవరి వేలూ తగలని ఫోను కొన్నాను. దుకాణంలో కుర్రాడు పెట్టె విప్పి, అన్నీ సర్ది, చివర్లో చాలా మర్యాదగా అడిగాడు. "సార్ నంబర్ చెప్పండి మేడం."

ఏ సారు?

ఆ కుర్రాణ్ణి తప్పుపట్టను. అతని దగ్గరికొచ్చే ఆడవాళ్ళలో చాలామంది వెనక ఒక సారు నంబరు ఉంటుంది. మా వదిన సంగతే తీసుకోండి. ఆమె ఆధార్‌కు జోడించింది అన్న నంబరు. బ్యాంకు ఖాతా ఆమెదే, డబ్బు పడిందన్న మెసేజి వచ్చేది అన్నకు. గ్యాస్ బండ ఆమె పేరు మీదే, బండ దించేటప్పుడు చెప్పాల్సిన అంకెలు వచ్చేది అన్నకు. అన్న పొలం దగ్గరుండి ఫోనెత్తకపోతే బండ ఆటోతో పాటు వెనక్కి పోతుంది. అన్న మంచివాడు, అడిగితే ఓటీపీ చెప్తాడు. కానీ మాట్లాడాల్సింది అన్న మంచితనం గురించి కాదు. వదిన సంతకం అన్న జేబులో ఉంది. అడిగితే ఇస్తాడు, అడగాలి. అంతే కాదు, ఎందుకో చెప్పాలి కూడా.

సంతకం అనే మాట ఊరికే వాడటం లేదు. మన స్త్రీల చరిత్రలో సంతకానికి పెద్ద కథ ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు, వేలిముద్ర నుంచి సంతకానికి మారడం మన అమ్మల తరానికి పండుగ. నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్య వాచకంలో సీతమ్మ కథ చదివిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1992 నాటికి అది ఉద్యమమై పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం రాష్ట్రమంతా సారాను నిషేధించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఊరూరా వచ్చిన పొదుపు సంఘాల తీర్మానం పుస్తకాల్లో వంకరటింకరగా అయినా సంతకాలే ఉండాలని మా అమ్మలాంటివాళ్ళు పట్టుబట్టి నేర్చుకున్నారు. ముప్పై ఏళ్ళు గడిచాయి. రేషన్ దుకాణంలో మళ్ళీ వేలిముద్ర. మిగిలిన చాలాచోట్ల ఓటీపీ. అమ్మ రాత్రిళ్ళు లాంతరు ముందు కూర్చుని నేర్చుకున్న సంతకం చెల్లని నాణెమైపోయింది. చెల్లే సంతకమేమో ఇంట్లో మగవాడి ఫోనుకు వస్తోంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. తామే వాడుకునే మొబైల్ ఫోను ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్ళు 57 శాతమైతే స్త్రీలు 33 శాతమే. ఆ తర్వాత డేటా, ఫోన్లు ఎంత పాకినా ఈ లెక్క అడగని ప్రశ్న ఒకటుంది. ఆ ఫోనులో సిమ్ ఎవరి పేరు మీద ఉంది? ఆమె ఆధార్‌కు జోడించిన నంబరు ఎవరిది? ఓటీపీని తప్పనిసరి చేసిన ఏ ప్రభుత్వమైనా ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇది. ఇంటికొక నంబరు ఉంటే చాలనుకున్నారు. ఇల్లంటే మగవాడే అనుకోవడం మన ప్రభుత్వాలకు పాత అలవాటు.

ఇక రెండో ముఖం చూద్దాం. "ఆడదానికి ఫోనెందుకు" అనే ఈ సమాజమే పని దగ్గరికొచ్చేసరికి ఫోను లేకపోతే కుదరదంటుంది. 2021లో అంగన్‌వాడీ టీచర్ల నెత్తిన పోషణ్ ట్రాకర్ పెట్టారు. పిల్లల బరువు, ఎత్తు, హాజరు, తిండి అన్నీ అందులో ఎక్కించాలి. 2025 జులై నుంచి ఇంటికిచ్చే పోషకాహారానికి తల్లి ముఖాన్ని ఫోనులో పట్టి సరిపోల్చాలన్నారు. సిగ్నల్ లేకపోయినా, పసిబిడ్డ ఏడుస్తున్నా, చెమటకు ముఖం మారిపోయినా ఆమె ముఖం ఆమెదేనని యంత్రం ఒప్పుకోవాలి! ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. తెలంగాణలో ఆ పనికి పోయేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. తట్ట దించి, కొంగు సర్దుకుని, ఎండలో వరుసగా నిలబడాలి. ఫోటో ఎక్కకపోతే ఆ పూట చేసిన పని చెయ్యనట్టే. చేతులకు కాచిన కాయలు సాక్ష్యం కాకుండా పోయాయి.

అంటే ఫోను స్త్రీ చేతిలో ఉండటం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. అది పనిముట్టుగా ఉన్నంత కాలం, ఆమె మీద నిఘాగా ఉన్నంత కాలం, ఇంట్లోవాళ్ళు "ఎక్కడున్నవ్, ఎవరితోని ఉన్నవ్" అని అడగడానికి తాడుగా ఉన్నంత కాలం చీపురు ఉన్నంత సహజంగా ఫోను కూడా ఉండొచ్చు. అది ఆమెదైన మరుక్షణమే ప్రమాదకరమవుతుంది. పితృస్వామ్యానికి ఫోనుతో గొడవ లేదు, దాని తాళంతోనే గొడవ.

మా పొరుగు రాష్ట్రపు ఆడవాళ్ళు ఈ సంగతిని మనకంటే ముందే పట్టుకున్నారు. 2021 ఆగస్టులో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లను తీసుకెళ్ళి ప్రభుత్వానికే తిరిగిచ్చేశారు. నాసిరకం ఫోన్లు, చెడిపోతే బాగుచేయించుకునే ఖర్చు తమదే, పైగా ట్రాకర్ భాష ఇంగ్లీషు. కొందరు వాళ్ళను సాంకేతికతకు భయపడే పల్లెటూరి ఆడవాళ్ళన్నారు. వాళ్ళు భయపడలేదు. ఇంట్లో ఫోను పెత్తనం మీది, ఆఫీసులో ఫోను చాకిరీ మాది అనే ఏర్పాటును తిప్పికొట్టారు. నా దృష్టిలో అది ఈ మధ్య కాలంలో జరిగిన గొప్ప స్త్రీవాద చర్యల్లో ఒకటి.

ఇక తాళం సంగతి. ఫోనుకు లాకు పెట్టిన ఆడదాన్ని అనుమానించడం ఫోన్లతో పాటు పుట్టిన జబ్బు కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో బాలికల చదువును వ్యతిరేకించినవాళ్ళ వాదన ఏమిటి? చదువొస్తే ఆడది పరాయి మగవాడికి ఉత్తరాలు రాస్తుందని. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో 1874లో బాలికల పాఠశాల పెట్టినప్పటి సమాజం అది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన చేరి భండారు అచ్చమాంబ చదువు నేర్చుకుంది. అది కూడా మిగిలిన చదువే, మా వదిన ఫోను లాగా! ఆ మిగిలిన చదువుతోనే ఆమె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది, 1902 నాటికే కథలు రాసింది. ఉత్తరాల భయం పోయిందనుకున్నాం. అది వాట్సాప్‌లోకి మారింది. 2019లో గుజరాత్‌లోని బనాస్‌కాంఠా జిల్లాలో ఒక కులపెద్దలు పెళ్ళికాని ఆడపిల్లల చేతిలో మొబైల్ ఉండకూడదని తీర్మానించారు. మన ఊళ్ళలో తీర్మానాలు అక్కర్లేదు. "ఇంటర్ అయ్యేదాక ఫోన్ లేదు" అని తండ్రి ఒక్క మాటంటే చాలు. అదే ఇంట్లో తమ్ముడికి తొమ్మిదో తరగతిలోనే వస్తుంది.

ఫోను ఉంటే చెడిపోయిందంటారు. లేకపోతే జాగ్రత్త లేదంటారు. ఉండీ వాడితే సరిగ్గా వాడలేదంటారు. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఆ యువ పశువైద్యురాలు భయమేసి చెల్లెలికి ఫోను చేసింది. ఆమె హత్య తర్వాత అప్పటి తెలంగాణ హోంమంత్రి మహమూద్ అలీ ఏమన్నారో గుర్తుందా? చదువుకున్న అమ్మాయి అయ్యుండీ చెల్లెలికి కాకుండా 100కు చేసి ఉంటే బతికేదని. చచ్చిపోయిన ఆడపిల్ల కాల్ లిస్టును కూడా ప్రశ్నించగల అధికారం ఇది! భయమేసినప్పుడు ఆడపిల్ల చెల్లెలికి ఎందుకు ఫోను చేస్తుంది? చెల్లెలైతే "ఆ టైంల అక్కడెందుకున్నవ్" అని అడగదు కనుక.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. చదివి సంబరపడ్డాం. 2025 జులైలో అదే సుప్రీంకోర్టు, భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు రికార్డు చేసిన ఫోను సంభాషణలు వివాహ వివాదాల్లో సాక్ష్యంగా పనికొస్తాయంది. ఆ కేసులో రికార్డు చేసింది భర్త, మాటలు భార్యవి. కొట్టే భర్త మాటల్ని భార్య రికార్డు చేసుకోవడానికీ ఈ తీర్పు ఉపయోగపడుతుంది కదా అని ఒక లాయరు మిత్రురాలు అంది. నిజమే. కానీ రికార్డు చేసుకోవడానికి ఆమెకొక ఫోను ఉండాలి. ఆ ఫోనుకు ఆయనకు తెలియని తాళం ఉండాలి. ఆయన ఫోను ఆయనదే, ఆమె ఫోను కూడా ఆయనదే అయిన ఇంట్లో సమాన హక్కు ఎవరికి సమానం?

వర్జీనియా ఉల్ఫ్ 1929లో రాసే స్త్రీకి డబ్బూ, తాళం వేసుకోగల గదీ కావాలంది. మా ఇంట్లో నాకు గది లేదు. ముందు గదిలో అన్న పిల్లలు, వెనక గదిలో అమ్మ, నేను, బియ్యం సంచులు. నాకున్న గది అరచేతంత. నాలుగంకెల తాళం వేసుకుంటే అందులో నా పద్యాలు, సగం రాసిన వ్యాసాలు, డాక్టరు చీటీలు, ఒక స్నేహితురాలు ఏడుస్తూ పంపిన మాటలు ఉంటాయి. దాచాల్సినంత రహస్యాలేమీ కావవి. రహస్యం లేకపోయినా తలుపు ఉండాలి. స్నానాల గదికి తలుపెందుకని ఎవరినైనా అడుగుతామా?

ప్రమాదాలు లేవా అంటే ఉన్నాయి. 2021 జులైలో, మళ్ళీ 2022 జనవరి 1న ముస్లిం స్త్రీల ఫోటోలు పెట్టి యాప్‌లలో 'వేలం' వేసిన దుర్మార్గం చూశాం. 2020 డిసెంబరులో లోన్ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు పోవడం చూశాం. అప్పు కట్టడం ఆలస్యమైతే ఫోనులోని పేర్లన్నిటికీ మెసేజిలు పంపి పరువు తీశారు. ఇది మనకు కొత్తా? మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఒకామె కట్టలేకపోతే గుంపులోని మిగిలిన ఆడవాళ్ళను ఆమె ఇంటి ముందు కూర్చోబెట్టలేదా? ఆత్మహత్యలు జరిగాకే కదా 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది! అప్పుడు సంఘం గుంపు, ఇప్పుడు కాంటాక్ట్ లిస్టు. రెండింటిలోనూ తాకట్టు పెట్టించుకున్నది ఆడదాని పరువే. అప్పుడు మనం ఆడవాళ్ళకు అప్పులొద్దని అనలేదు, అప్పిచ్చేవాణ్ణి కట్టడి చెయ్యమన్నాం. ఇప్పుడు కూడా ఫోను లాక్కోవడం పరిష్కారం కాదు. ఫోటో మార్ఫింగ్ చేసినవాణ్ణి వదిలేసి ఫోటో పెట్టుకున్నదాన్ని కట్టెయ్యడం మనకు బాగా తెలిసిన న్యాయమే.

మన వాళ్ళతోనూ నాకొక తగాదా ఉంది. సభల్లో కలిసే ప్రగతిశీల మిత్రులు నా ఫోను చూసి "నువ్వు కూడా మార్కెట్ మాయలో పడ్డావా" అంటారు. వాళ్ళ చేతిలో రెండేసి సిమ్‌ల ఫోన్లుంటాయి. వాళ్ళది ఉద్యమ అవసరం, మాది వినిమయ సంస్కృతి! కంపెనీలు మన సమాచారాన్ని అమ్ముకుంటున్నాయని నాకూ తెలుసు. కానీ వద్దనుకునే హక్కు ఉన్నవాళ్ళకే త్యాగం శోభిస్తుంది. 2020 నవంబరులో, ఢిల్లీలో గణితం చదువుతున్న షాద్‌నగర్ అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులకు ల్యాప్‌టాప్ లేక, స్కాలర్‌షిప్ రాక, ఇంటికి భారమయ్యానని కుంగి ప్రాణం తీసుకుంది. ఆ బిడ్డ ముందు నిలబడి వస్తువ్యామోహం గురించి ఉపన్యాసం ఇవ్వగలమా?

ఈ పరికరం మన ఆడవాళ్ళకు ఏమిచ్చిందో కూడా చూడండి. అక్షరం రాకపోయినా గొంతు పంపొచ్చు. దేగ్లూరుకు ఇచ్చిన మా చిన్నమ్మ కూతురు మరాఠీ కలిసిన తెలుగులో రోజూ వాళ్ళమ్మకు గొంతు పంపుతుంది. చిన్నమ్మ దాన్ని పత్తి చేన్లో నాలుగుసార్లు వింటుంది. పెళ్ళయిన కూతురి కష్టం పండగకు వచ్చినప్పుడు కాక ఆ పూటే తెలుస్తోంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి మిల్కూరి గంగవ్వ చదువురాని కూలి మనిషి. అల్లుడి 'మై విలేజ్ షో'లో తన యాసలోనే మాట్లాడి దేశమంతా తెలిసింది. ఆడవాళ్ళకు ఫోను వాడటం రాదన్నవాళ్ళ నోరు ఆమె మూయించింది. కెమెరా ఎవరి చేతిలో ఉందన్నది మాత్రం మర్చిపోకూడదు. ఉచిత బస్సులో ఎల్లిగడ్డ పొట్టు తీసుకుంటున్న ఆడవాళ్ళ వీడియో 2024లో రాష్ట్రమంతా నవ్వుతూ పంచుకున్నారు. వాళ్ళ అనుమతి ఎవరడిగారు? బస్సులో కూడా చేతికి తీరిక దొరకని ఆ చాకిరీని చూసి నవ్వొచ్చిన కళ్ళు ఎవరివి?

అందుకే, స్త్రీకి ఫోను మంచిదా చెడ్డదా అనే చర్చను ఇకనైనా కట్టిపెడదాం. భూమి మంచిదా చెడ్డదా అని అడిగామా? పట్టాలో పేరు కావాలన్నాం. ఫోనునూ అలాగే అడగాలి. ప్రతి స్త్రీ ఆధార్‌కు, ఖాతాకు ఆమె సొంత నంబరే ఉండేలా ఊళ్ళోనే శిబిరాలు పెట్టాలి. ఓటీపీ రాని మనిషి సంతకమూ చెల్లాలి. పని కోసం ఫోను కావాలన్న ప్రభుత్వం మంచి ఫోను, డేటా ఖర్చు, తెలుగు యాప్ ఇవ్వాలి. సిగ్నల్ తప్పుకు కూలి కొయ్యకూడదు. ఇవి ప్రభుత్వాన్ని అడగాల్సినవి. ఇంట్లో అడగాల్సింది ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ మనం ప్రేమించేవాళ్ళుంటారు.

పోయిన నెల వదిన నంబరు ఆధార్‌కు మార్చడానికి ఇద్దరం బాన్సువాడ పోయాం. ఖర్చు పెద్దది కాదు. దానికి ముందు ఇంట్లో జరిగిన మాటలకు మాత్రం మూడు రాత్రులు పట్టింది. "నేను చెప్పనా ఓటీపీ? నామీద నమ్మకం లేదా?" అని అన్న నొచ్చుకున్నాడు. వదిన పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే జవాబిచ్చింది. "నమ్మకం ఉన్నది. నంబర్ నాది ఉండాలె."

నేను వంద పుటల సిద్ధాంత వ్యాసంలో చెప్పలేనిది ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. మనమందరం మన మన ఇళ్ళలో చెప్పాల్సింది కూడా ఈ రెండు ముక్కలే.